ఇరవై డిగ్రీల దగ్గర

ఆగకు, తెస్ఫాలెమ్.
నువ్వు విరగ్గొట్టిన డ్రిల్లుల్లో ఇది మూడోది.
తిట్టడం లేదు, లెక్క చెబుతున్నాను.

ఇత్తడైతే నీ జంకును మన్నించేది,
పొడిపొడిగా రాలి, పోనీలే అనేది.
ఈ మూడువందల పదహారు ఎల్ అలాంటిది కాదు.
కోస్తే తెగుతుంది.
కోయనా వద్దా అని రుద్దుతూ నిలబడ్డావో
ఆ రాపిడికే పైపొర బిగుసుకుపోతుంది.
మళ్ళీ నువ్వు వెళ్ళేసరికి నీ ముందున్నది
ఇందాకటి ఉక్కు కాదు.
దాన్నంత మొండిగా చేసింది
నీ మొహమాటమే.

కిటికీ మూసెయ్.
రేమో కొండ మీద మంచు బాగానే ఉంది, కాదనను,
కానీ ఆ చలిగాలి నా కొలతల్లోకి వస్తుంది.

నేను ఈ షెడ్డులో చేరినప్పుడు
ఆడమనిషిని నేనొక్కదాన్నే.
కంప్యూటర్లు లేవు, క్యామ్ బిళ్ళలు తిరిగేవి.
ఆర్మాన్ ష్నెగ్ అని ఒకాయన,
స్క్రూడ్రైవర్ మొన లేతుకీ పిడి తన చెవికీ ఆనించి
వైద్యుడిలా కళ్ళు మూసుకునేవాడు.
"బేరింగ్ దగ్గుతోంది" అనేవాడు.
నాకేమో అంతా ఒకటే రొద.

గంధకం కలిపిన మూడువందల మూడు ఉందిగా,
వెన్నలా తెగుతుంది, అదే వాడొచ్చుగా అన్నాను ఓసారి.
ష్నెగ్ మాట్లాడలేదు.
ఒక ముక్క ఉప్పునీళ్ళ గ్లాసులో వేసి
నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.
రోజూ దాని పక్కనే రొట్టె తినేదాన్ని.
నెలాఖరుకి ఒక చుక్క,
ఆవగింజంత, ఎర్రగా.
సులువుగా తెగే గుణమే
తుప్పుకీ దారిచ్చింది.
మనం చేసేది ఎముకలో బిగించే మర.
ఒళ్ళంతా ఉప్పునీళ్ళేనయ్యా మనిషికి.

ఇదిగో, కొత్త డ్రిల్లు. నూనె ధార సరిగ్గా మొన మీద పడనీ.
ఇప్పుడు వెళ్ళు.
వెళ్ళు!
చూశావా, మాట మార్చింది లేతు.
కీచు పోయింది, గుడ్డ చించినట్టు ఒక్కటే శబ్దం.
ఆ రజను చూడు, పొడుగ్గా, ఉంగరాలు తిరిగి.
చేత్తో లాగకు, వేలు తెగుతుంది.
నాకు జుట్టులోంచి వస్తాయి అవి, మేజోళ్ళలోంచి వస్తాయి.
మొన్న రొట్టెల కొట్టు మదాం ఫ్లూరీ
చిల్లర ఇస్తూ ఇస్తూ నా చెవి వెనకాల నుంచి ఒకటి తీసి
గల్లాపెట్టె పక్కన పెట్టుకుంది, నగలాగా.

ఏమిటా తొందర? అప్పుడే కొలవకు.
అది ఇంకా వేడిమీదుంది, అబద్ధం చెబుతుంది.
నలభై మిల్లీమీటర్ల ముక్క
పది డిగ్రీలకి ఆరు మైక్రాన్లు సాగుతుంది.
మనకి ఉన్న వెసులుబాటు నాలుగు.
ఇరవై డిగ్రీలకి రానీ.
ప్రపంచంలో ఎక్కడ కొలిచినా ఇరవై దగ్గరే కొలుస్తారు,
అస్మరాలో అయినా, ఇక్కడైనా.

(అస్మరా అనగానే వాడు తల దించుకున్నాడు.
నేను కాఫీ పోశాను.
ఈ ఊరు బెర్న్‌లో ఉండాలా జురాలో కలవాలా అని
మేం తరాల తరబడి కొట్టుకున్నాం,
ఓట్లేసుకున్నాం, మళ్ళీ వేసుకున్నాం.
ఆ కథ వాడికి చెబుదామనుకున్నాను.
వాడి కాగితాలు ఏ బల్ల మీద ఉన్నాయో
వాడికే తెలియనప్పుడు
అది కథలా ఉండదనిపించి ఊరుకున్నాను.)

చల్లారింది. చూడు ఇప్పుడు.
రెండు మైక్రాన్లు తక్కువ.
పనికొస్తుంది.

రేపు దీన్ని ఆసిడ్‌లో ముంచుతాం.
మనం కోసిన గాయం మీది ఇనుప మురికి కరిగిపోతే
లోపలి క్రోమియం గాలిని తాకి
కంటికి కనపడని చర్మం తనే కప్పుకుంటుంది.
రంగు వెయ్యం, పూత పుయ్యం.
దానికి కావలసింది శుభ్రమైన గాలి,
కొంచెం సమయం.

లేదు, జేబులో పెట్టుకోవడానికి వీల్లేదు.
రెండువందలు అడిగారు, రెండువందలూ లెక్కే.
నీ మొదటి ముక్కైతే మాత్రం?

రజను తీసుకో కావాలంటే.
పటకారుతో తియ్యి.